స్కాట్ 4 (1969): పాట మారినందుకా, పేరు మారినందుకా ఈ ఎల్పీ మరుగున పడింది?

రావిచెట్టు (హైదరాబాదు)

సభ్యులందరికీ నమస్కారం. అరవైల నాటి పాప్ గాయకుల గురించి ఇక్కడ ఎన్నో చర్చలు నడిచాయి. వాకర్ బ్రదర్స్ ప్రస్తావన కూడా రెండు మూడు సార్లు వచ్చింది. కానీ ఆ బృందానికి ప్రాణం వంటి స్కాట్ వాకర్ విడిగా చేసిన రికార్డుల జోలికి ఎవరూ వెళ్లలేదు కనుక, నేను మొదలుపెడుతున్నాను. చర్చకు తీసుకుంటున్నది 1969 నవంబరులో ఫిలిప్స్ కంపెనీ బ్రిటన్‌లో విడుదల చేసిన "స్కాట్ 4" అనే ఎల్పీ (రెండు పక్కలా పాటలుండే పెద్ద గ్రామఫోను రికార్డు).

తెలియనివారి కోసం కొద్దిగా నేపథ్యం చెబుతాను. ఈయన 1943లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, హామిల్టన్‌లో పుట్టారు. అసలు పేరు నోయెల్ స్కాట్ ఎంగెల్. జాన్ మాస్, గ్యారీ లీడ్స్ అనే మరో ఇద్దరితో కలిసి 1965లో లండన్ చేరారు. ముగ్గురిలో ఎవరికీ పుట్టుకతో వాకర్ అన్న ఇంటిపేరు లేదు, ఎవరూ అన్నదమ్ములు కారు, అయినా ముగ్గురూ వాకర్ సోదరులుగానే చలామణీ అయ్యారు. 1965లోనూ 1966లోనూ ఒక్కొక్క పాట బ్రిటిష్ రికార్డుల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. సభల్లో అమ్మాయిల కేకలకు పాట వినిపించేది కాదంటారు. 1967లో బృందం చీలిపోయింది.

ఆ తర్వాత స్కాట్ ఒంటరిగా చేసిన ఎల్పీల లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1967లో వచ్చిన మొదటిది మూడో స్థానం, 1968లో వచ్చిన రెండోది మొదటి స్థానం, 1969 మార్చిలో వచ్చిన మూడోది మళ్లీ మూడో స్థానం. అదే సంవత్సరం బీబీసీలో ఆయన సొంత టెలివిజన్ కార్యక్రమం నడిచింది. అందులోని పాటలతో వేసిన రికార్డు కూడా ఏడో స్థానం దాకా వెళ్లింది. నవంబరులో వచ్చిన స్కాట్ 4 మాత్రం అసలు జాబితాలోకే ఎక్కలేదు, కొద్ది కాలానికే కంపెనీ దాన్ని కేటలాగు నుంచి తొలగించింది. ఏడాది తిరక్కుండా ఏడో స్థానం నుంచి ఎక్కడా లేని స్థానానికి పడిపోవడం ఎలా జరిగింది?

నా దగ్గర ఉన్నది తర్వాతి కాలపు పునర్ముద్రణే. ఈ నెల రోజుల్లో దాన్ని ఇరవై సార్లయినా విని ఉంటాను. పది పాటలూ ఆయన రాసి, ఆయన బాణీ కట్టినవే. అంతకుముందు మూడు ఎల్పీల్లోనూ ఇతరుల పాటలు ఉండేవి, ముఖ్యంగా బెల్జియంకు చెందిన జాక్ బ్రెల్ ఫ్రెంచి పాటల అనువాదాలు. ఇందులో పరాయి సొమ్ము ఒక్కటీ లేదు. 1969 నాటి అట్ట మీద గాయకుడి పేరు కూడా స్కాట్ వాకర్ కాదు, నోయెల్ స్కాట్ ఎంగెల్. దుకాణానికి వచ్చిన అభిమాని వాకర్ కోసం వెతికి, ఎంగెల్‌ను పోల్చుకోలేక వెనక్కి వెళ్లిపోయి ఉంటాడని నా అభిప్రాయం. మీరేమంటారు?

లండన్ బాటసారి

రావిచెట్టు గారూ, మంచి విషయం ఎత్తారు. నా దగ్గర 1969 నాటి అచ్చు ఉంది, కేటలాగు సంఖ్య ఎస్.బి.ఎల్. 7913. లండన్ శివార్లలో ఒక పాత సామాన్ల దుకాణంలో, జాజ్ రికార్డుల పెట్టెలో అడుగున దొరికింది. అమ్మేవారికి అదేమిటో తెలియదు, కొనే నాకు సగమే తెలుసు.

పేరు సంగతి మీరన్నంత సులువుగా తేలేది కాదేమో. అట్ట మీద పెద్దగా కనిపించేది "స్కాట్ 4" అన్న శీర్షికే. అంతకుముందు మూడూ అదే వరసలో వచ్చాయి. ముఖం కూడా అదే ముఖం. మార్చిలో మూడోది కొన్న మనిషికి నవంబరులో నాలుగోది కనిపిస్తే ఎవరిదో తెలియకుండా పోతుందా? నాకు అంతకంటే బలమైన కారణంగా తోచేది ఆ సంవత్సరపు రద్దీ. మార్చి, జులై, నవంబరు అంటూ తొమ్మిది నెలల్లో మూడు ఎల్పీలు వచ్చాయి. జేబు ఖర్చుతో రికార్డులు కొనే పిల్లలకు జులైలో వచ్చిన టీవీ పాటల రికార్డు హాయిగా, అందరికీ తెలిసిన పాటలతో దొరికింది. డబ్బు దాని మీద ఖర్చయిపోయింది. నాలుగోది వచ్చేసరికి టీవీ కార్యక్రమం ముగిసింది, ఆయనను ప్రతివారం ఇంట్లోకి తెచ్చే కిటికీ మూసుకుపోయింది.

అయితే పేరు మార్పును నేను తీసిపారేయడం లేదు. దాని ప్రభావం అమ్మకం కంటే ముందే, రేడియోలో, పత్రికల్లో పనిచేసి ఉండవచ్చు. వాకర్ అన్న మాటకు ఒక వార్తావిలువ ఉండేది, ఎంగెల్ అన్న మాటకు లేదు.

అట్ట వెనుక భాగం గురించి కూడా చెప్పాలి. అక్కడ ఫ్రెంచి రచయిత, తత్వవేత్త అల్బేర్ కామూ మాట ఒకటి అచ్చువేశారు. మనిషి చేసే పని అంతా, తన హృదయం మొట్టమొదట తెరుచుకున్న నాటి రెండు మూడు సాదా దృశ్యాలను కళ అనే చుట్టుదారుల్లో నడిచి తిరిగి కనుగొనడమేనన్నది దాని భావం. కామూ తన ఇరవైల తొలినాళ్లలో, 1937లో అల్జీర్స్‌లో అచ్చయిన చిన్న వ్యాస సంపుటిని చాలా ఏళ్లు తిరిగి ముద్రించనివ్వలేదు. చివరకు 1958లో ఒప్పుకుని దానికి రాసిన ముందుమాటలోది ఈ మాట. అలనాటి తన అసలు స్వరం దగ్గరకు తిరిగివెళ్లడం గురించిన వాక్యాన్ని, పుట్టుపేరుతో పాడిన రికార్డుకు వెనుక వేయించడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. పాప్ రికార్డు వెనుక సాధారణంగా ఉండే పొగడ్తల స్థానంలో కామూ కనిపిస్తే, 1969లో పదహారేళ్ల కొనుగోలుదారు ఏమనుకుని ఉంటుందో ఊహించండి.

నిర్మొహమాటం

అందరూ అమ్మకం ఎందుకు కాలేదని అడుగుతున్నారు, అమ్ముడుపోవడానికి తగినంతగా ఉందా అని ఎవరూ అడగడం లేదు. ఈ వేదికలో ఏదైనా ఒక రికార్డు మరుగున పడిందంటే చాలు, అది మహాకావ్యమేనన్న తీర్పు ముందే తయారవుతుంది. నేను దీన్ని నాలుగైదు సార్లు విన్నాను. మొదటి పాట "ది సెవెన్త్ సీల్" స్వీడన్ దర్శకుడు ఇంగ్మర్ బెర్గ్‌మన్ అదే పేరుతో తీసిన 1957 నాటి సినిమా కథను పద్యంలో తిరగచెప్పడమే. మతయుద్ధాల నుంచి తిరిగివచ్చిన వీరుడు మృత్యువుతో చదరంగం ఆడతాడు. సినిమాలో మాటలకంటే మౌనం ఎక్కువ. పాటలో మాటలు ఎక్కడా ఆగవు. చూసినవారికి అనవసరం, చూడనివారికి అయోమయం. ఒక పాప్ ఎల్పీని ఇలాంటి పాటతో మొదలుపెట్టడం గాయకుడి ధైర్యమో, నిర్మాత నిర్లక్ష్యమో మీరే తేల్చండి.

ఇక పేరు గురించి చెప్పాలంటే, బాగున్న పాట ఏ పేరుతో వచ్చినా నాలుగు రోజుల్లో జనం నోట పడుతుంది. ఇందులో జనం నోట పడే పాట ఏది?

రావిచెట్టు (హైదరాబాదు)

నిర్మొహమాటం గారూ, ఆ సినిమాను నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఇక్కడొక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూశాను. ఫ్యాను శబ్దంలో సగం సంభాషణలు వినబడలేదు, ఉపశీర్షికల మీద ముందు వరసలోని తల అడ్డం వచ్చింది. బహుశా అందుకేనేమో, పాటలో కథ వరసగా వినిపించినప్పుడు నాకు అనవసరం అనిపించలేదు. జనం నోట పడే పాట లేదన్న మాటను మాత్రం ఒప్పుకుంటున్నాను. తంబురశ్రుతి గారు సంగీతం తెలిసినవారు కనుక, వాద్యబృందం సంగతి వారు చెబితే బాగుంటుంది.

తంబురశ్రుతి (చెన్నై)

పిలిచినందుకు ధన్యవాదాలు. నేను వయొలిన్ నేర్చుకున్నాను, స్టూడియోల్లో కొంతకాలం వెనక వరసలో కూర్చుని వాయించాను. కాబట్టి నా చెవి ముందుగా తీగవాద్యాల మీదకే పోతుంది.

నిర్మాత జాన్ ఫ్రాంజ్. ఫిలిప్స్‌లో గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ రికార్డుల వెనుక ఉన్నదీ ఆయనే. పాటలకు వాద్య రచన చేసినవారు వాలీ స్టాట్, పీటర్ నైట్, కీత్ రాబర్ట్స్. వీరిలో వాలీ స్టాట్ ఆ తర్వాత స్త్రీగా మారి, ఏంజెలా మోర్లీ పేరుతో సినిమా సంగీతంలో గొప్ప ఖ్యాతి గడించారు. గాయకుడు కొత్త పేరు వదిలి పాత పేరుకు వెళ్లిన రికార్డులోనే, వాద్యరచన చేసినవారి పాత పేరు మిగిలిపోవడం చిత్రంగా ఉంటుంది.

"ది సెవెన్త్ సీల్"లో స్పెయిన్ ఎద్దుల పోరును గుర్తుచేసే ట్రంపెట్, కింద వేగంగా నడిచే గిటారు, వెనుక మగగొంతుల బృందం వినిపిస్తాయి. ఆ బృందగానంలో చర్చి గాన పద్ధతి నీడ ఉంది. 1966లో స్కాట్ ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని క్వార్ ఆశ్రమానికి వెళ్లి, అక్కడి సన్యాసుల దగ్గర గ్రెగోరియన్ గానం అనే పాతకాలపు క్రైస్తవ ప్రార్థనా గానం గురించి తెలుసుకునే ప్రయత్నం చేశారు. ఆ గానంలో లయ మాటను అనుసరిస్తుంది తప్ప మాట లయను అనుసరించదు. మన పద్యం చదివే పద్ధతికి చాలా దగ్గర. నిర్మొహమాటం గారు మాటలు ఎక్కడా ఆగవని అన్నది నిజమే. నాకు మాత్రం అది రాగయుక్తంగా పద్యం చదివినట్టు వినిపిస్తుంది. పల్లవికి తిరిగిరాదు, కథ ముగిస్తే పాట ముగుస్తుంది. నాటకాల్లో పద్యం విన్న చెవికి ఇందులో వింత ఏమీ ఉండదు.

మొదటి పక్కన చివరిదైన "బాయ్ చైల్డ్" దగ్గరకు వద్దాం. అందులో డోలు లేదు, తాళం వేసే వాద్యం లేదు. తీగవాద్యాలు స్వరాలను పట్టి నిలుపుతాయి, వాటి మీద సన్నని మెరుపుల్లాంటి చిన్న శబ్దాలు రాలుతుంటాయి. గొంతు వాటి మధ్య ఎక్కడా తొందరపడకుండా నడుస్తుంది. తంబుర ముందు కూర్చుని మెల్లగా ఆలాపన మొదలుపెట్టే గాయకుడి మనస్థితి ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వయొలిన్ వాయించేవారికి తెలుస్తుంది, ఒకే స్వరాన్ని విల్లు మారినట్టు తెలియకుండా పది మంది కలిసి నిలపడం వేగంగా వాయించడం కంటే ఎంతో కష్టం. ఆ రోజుల లండన్ స్టూడియో వాద్యకారుల స్థాయి ఆ మూడున్నర నిమిషాల్లో తెలిసిపోతుంది.

మరొక మాట. స్కాట్ గాయకుడు కాకముందు బాస్ గిటారు వాయించేవారు. ఈ రికార్డులో బాస్‌కు దక్కిన చోటు మునుపటి మూడింటిలో దక్కలేదు. రెండో పక్కన రెండో పాట వినండి.

అరుణోదయ (విజయవాడ, ప్రస్తుతం డల్లాస్)

తంబురశ్రుతి గారు చెప్పిన ఆ రెండో పాట "ది ఓల్డ్ మ్యాన్స్ బ్యాక్ అగైన్" గురించే నేను రాయాలనుకున్నాను. దాని శీర్షిక కింద "నవ స్టాలినిస్టు పాలనకు అంకితం" అన్న అర్థంలో ఒక వరస ఉంటుంది. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల టాంకులు చెకోస్లోవేకియాలోకి ప్రవేశించి, దూబ్‌చెక్ ప్రభుత్వం తెచ్చిన సంస్కరణలను అణచివేసిన ఘటన దానికి మూలం. మళ్లీ తిరిగివచ్చిన ముసలివాడు స్టాలిన్ నీడ.

మాది బెజవాడలో ఎర్రజెండా ఇల్లు. "సోవియట్ భూమి" పత్రిక మా ఇంటికి వచ్చేది. చదివిన తర్వాత దాని నున్నని కాగితంతో మా నోటు పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం. నా లెక్కల పుస్తకం మీద గోధుమ పొలంలో ట్రాక్టరు, చరిత్ర పుస్తకం మీద వ్యోమగామి. చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్ సంగతి మా ఇంట్లో ఎవరూ పిల్లల ముందు మాట్లాడేవారు కారు. చాలా ఏళ్ల తర్వాత నాన్నగారు ఒకసారి, ఆ వారం ఇంటికి వచ్చిన ఇద్దరు స్నేహితులు గొడవపడి, తర్వాత పదేళ్లు ఒకరితో ఒకరు పలకలేదని చెప్పారు. అందుకే ఈ పాట మొదటిసారి విన్నప్పుడు నేను పాప్ గాయకుడి గొంతు వింటున్నానని మరిచిపోయాను.

పాటలో నన్ను పట్టుకున్నది నినాదం లేకపోవడం. టాంకు మీద ఉన్న సిపాయి కూడా ఒక ఒంటరి కుర్రవాడిగానే కనిపిస్తాడు. ఇంత బరువైన విషయానికి కింద నడిచే బాస్ మాత్రం దాదాపు నాట్యం చేయించేలా ఉంటుంది. పైన మగగొంతుల గుంపు కూనిరాగం తీస్తుంది. చివరికి స్కాట్ మాటలు వదిలేసి ఊరికే గొంతుతో ఆడుకుంటారు. శోకగీతాన్ని ఇంత హుషారైన నడకలో పెట్టడం తప్పని ఎవరైనా అనవచ్చు. నాకు మాత్రం ఊరేగింపు వెళ్లిపోయాక కూడా వీధిలో మోగుతున్న డప్పు గుర్తుకు వస్తుంది.

ఒక ప్రశ్న కూడా ఉంది. 1969లో లండన్ యువతరం వియత్నాం యుద్ధం మీద కోపంగా ఉంది. ఆ సమయంలో అమెరికా నుంచి వచ్చిన గాయకుడు మాస్కో మీద పాట రాశాడు. ఇటు వామపక్ష యువకులకు గానీ, అటు ప్రేమపాటలు కోరే అమ్మాయిలకు గానీ ఇది చెందలేదు. అమ్మకం కాకపోవడానికి ఇది కూడా కారణాల్లో ఒకటి కాదా?

నిర్మొహమాటం

అరుణోదయ గారూ, ఆ పాట విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న రాత్రి మళ్లీ విన్నాను. బాస్ వాయించినవారికి నమస్కారం.

కానీ దానికి ముందు వచ్చే "హీరో ఆఫ్ ద వార్" సంగతి చూడండి. యుద్ధంలో చితికిపోయి ఇంటికి చేరిన కొడుకునూ, ఇరుగుపొరుగు మెచ్చుకోళ్లు వింటున్న తల్లినీ వెటకారంగా చూపించే పాట అది. వెటకారం మొదటి చరణంలోనే అర్థమైపోతుంది, మిగిలిన చరణాలు దాన్నే మళ్లీ చెబుతాయి. ఇక "డచెస్", "రైమ్స్ ఆఫ్ గుడ్‌బై" రెండూ అమెరికా పల్లె పాటల దారిలో వెళతాయి, "గెట్ బిహైండ్ మీ"లో చర్చి గాయక బృందంలాగా ఆడవాళ్లు వంత పాడతారు. మొదటి పక్క ఒకే గదిలో కూర్చుని రాసినట్టుంటే, రెండో పక్క నాలుగు ఊళ్లు తిరుగుతూ రాసినట్టుంది. ఆల్బమ్ అన్నాక రెండు పక్కలకూ పొంతన ఉండాలి కదా.

ముల్లూ గాడీ (విశాఖపట్నం)

ఇప్పటిదాకా పాట గురించి మాట్లాడుకున్నారు. ఇది ఎల్పీల వేదిక కాబట్టి ప్లేటు గురించి కూడా కొంచెం మాట్లాడనివ్వండి. నిర్మొహమాటం గారి "రెండు పక్కలు" అన్న మాట అక్కడికే దారి తీస్తుంది.

మొత్తం ఆల్బమ్ నిడివి 32 నిమిషాల పైచిలుకు. అంటే ఒక్కో పక్కకు దాదాపు 16 నిమిషాలు. నిమిషానికి 33 చుట్ల చొప్పున తిరిగే ప్లేటు మీద అది దాదాపు 530 చుట్ల గాడి. ఒక పక్కన పాతిక నిమిషాలు కుక్కిన రికార్డుతో పోలిస్తే ఇది చాలా విశాలమైన కొలత. గాడులు దూరంగా కోయవచ్చు, మంద్ర స్వరాలకు ముల్లు బాగా పక్కకు ఊగే చోటు ఇవ్వవచ్చు, శబ్దాన్ని బలంగా ఎక్కించవచ్చు. తంబురశ్రుతి గారు చెప్పిన బాస్ అంత నిండుగా వినిపించడంలో ఈ వెసులుబాటు పాత్ర తప్పక ఉంటుంది.

కానీ ఎల్పీకి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. ప్లేటు తిరిగే వేగం మారదు, చుట్టు మాత్రం లోపలికి పోయేకొద్దీ చిన్నదవుతుంది. బయటి అంచున ముల్లు కింద నుంచి క్షణానికి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి జారిపోతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 20 సెంటీమీటర్ల పైచిలుకుకు దిగుతుంది. అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ నిడివిలో ఇరికించాలన్నమాట. ఎత్తైన స్వరాలు అక్కడ చిట్లుతాయి, "స" అక్షరం బుస కొడుతుంది. అందుకే అనుభవం ఉన్న నిర్మాతలు హోరెత్తే పాటను పక్క చివర పెట్టకుండా నెమ్మదైన పాటను పెట్టేవారు.

ఇక్కడ మొదటి పక్క చివర ఉన్నది "బాయ్ చైల్డ్". చిట్లడానికి అందులో హోరు లేదు కాబట్టి ఒక విధంగా సరైన చోటే. కానీ డోలు కూడా లేని నిశ్శబ్దమైన పాట కాబట్టి, ప్లేటు మీద ఉన్న ప్రతి దుమ్ము రేణువూ అందులోనే టపటపలాడుతుంది. నా దగ్గర ఉన్న పాత అచ్చులో ఈ పాట వింటే వానలో రేకుల కప్పు కింద కూర్చున్నట్టుంటుంది. మా ఊరి సముద్రపు తేమకు రికార్డులకు బూజు పడుతుంది. శుద్ధజలంలో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తని కుంచెతో గాడి వెంబడి తుడిస్తే చాలా వరకు పోతుంది. (ఇది వినైల్‌కు మాత్రమే. తాతల నాటి 78 చుట్ల లక్క ప్లేట్ల మీద ఆల్కహాల్ పడిందా, లక్క కరిగిపోతుంది. నేను ఒకటి అలా పోగొట్టుకున్నాను.) గుండ్రటి మొన ఉన్న చవక ముల్లు స్థానంలో దీర్ఘవృత్తాకారపు మొన ఉన్నది పెడితే, లోపలి గాడుల్లో తేడా మొదటి పాటకే తెలుస్తుంది.

రెండు పక్కలకూ పొంతన లేదన్న మాటకు నా జవాబు ఏమిటంటే, మధ్యలో లేచి వెళ్లి ప్లేటు తిప్పాలి. "బాయ్ చైల్డ్" తర్వాత ఆ అర నిమిషం నిశ్శబ్దం లేకపోతే "హీరో ఆఫ్ ద వార్" దడదడ కొట్టుకొస్తుంది. సీడీలోనూ ఫోనులోనూ వింటే పాటకు పాట తగులుకుని వస్తాయి, నిర్మొహమాటం గారికి కలిగిన చిరాకే కలుగుతుంది. మీరు ఎందులో విన్నారు?

నిర్మొహమాటం

ఫోనులో, నడక సమయంలో విన్నాను. దొరికిపోయాను.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

పెద్దవాడిని, ఆలస్యంగా చేరుతున్నాను. 1966లో నేను కళాశాల విద్యార్థిని. రేడియో సిలోన్ ఆంగ్ల ప్రసారంలో వాకర్ బ్రదర్స్ పాట ఒకటి వచ్చేది, ఆ ఏడాది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లిన పాటే. హాస్టలు గదిలో నలుగురం ఒక ట్రాన్సిస్టరు చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఆ మంద్రస్థాయి గొంతు మాత్రం వదిలేది కాదు. మా వాళ్లలో ఒకడు, ఈయన మన ఘంటసాల గారిలాగా నాభి నుంచి పాడతాడురా అన్నాడు. పోలిక ఎంత సబబో చెప్పలేను కానీ మాకు అప్పట్లో గొంతును తూచే రాయి అదొక్కటే.

ఆ తర్వాత ఆయన ఏమయ్యారో నాకు తెలియలేదు. ఇప్పుడు ఈ చర్చ చదివి మా మనవరాలిని అడిగితే పెట్టి వినిపించింది. పాటలు నాకు నచ్చాయి. ఒకే ఒక్క సందేహం. ప్రేక్షకులు ఆదరించలేదు కాబట్టి గాయకుడు నష్టపోయాడన్న ధోరణిలో మాట్లాడుకుంటున్నాం. పేరున్న గాయకుడు ఆ పేరును తానే తీసేసి, జనానికి అలవాటైన పాటలు తానే వదిలేసి, వెనుక తత్వవేత్త మాట వేయించినప్పుడు, ఆదరణ వద్దన్నది ఆయనే కదా? పిలవని పెళ్లికి రాలేదని బంధువుల మీద అలగడం వంటిది ఇది. తర్వాత ఆయన ఏం చేశారో ఎవరైనా చెబితే ఈ సందేహం తీరుతుంది.

లండన్ బాటసారి

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు ఆయన తర్వాతి అయిదేళ్లలో ఉంది, అది వినడానికి సంతోషం కలిగించేది కాదు.

1970లో వచ్చిన తదుపరి ఎల్పీకి వాకర్ పేరు మళ్లీ వచ్చి చేరింది. అందులో మొదటి భాగం సొంత పాటలు, చివర కొన్ని ఇతరుల పాటలు. అదీ అమ్ముడుపోలేదు. ఆ తర్వాత 1972 నుంచి 1974 దాకా వచ్చిన నాలుగు ఎల్పీల్లో ఆయన రాసిన పాట ఒక్కటీ లేదు. ఒకటి పూర్తిగా సినిమా పాటలతో నింపారు. చివరి రెండింటిలోనైతే అమెరికా పల్లె పాటల బాణీ ఎక్కువ. ఆదరణ వద్దనుకున్న మనిషైతే సొంత దారిలోనే సాగి ఉండేవారు, ఇలా మూడేళ్లు పరాయి పాటలు పాడి ఉండేవారు కాదు. ఆ కాలపు రికార్డులను ఆయన తర్వాత ఎప్పుడూ అభిమానంగా తలచుకోలేదు. 1975లో వాకర్ బ్రదర్స్ మళ్లీ కలిశారు. మరుసటి ఏడాది ఒక పాట ఏడో స్థానానికి చేరింది. సొంత పాటలు మళ్లీ రాసింది 1978లో, ఆ బృందపు చివరి ఎల్పీలోనే. అంటే 1970 తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు కలం మూతపడింది.

స్కాట్ 4 తిరిగి వెలుగులోకి రావడం కూడా ఒక్కరోజులో జరగలేదు. 1981లో జూలియన్ కోప్ అనే యువ గాయకుడు, స్కాట్ సొంతంగా రాసిన పాటలను మాత్రమే ఏరి ఒక సంకలనం వేయించాడు. గాయకుడి బొమ్మ లేని బూడిదరంగు అట్ట దానిది. అరవైల అందగాడి ముఖాన్ని పూర్తిగా తీసేసి పాటను మాత్రమే ముందు పెట్టడం ఆ అట్టలోని తెలివి. స్కాట్ 4లోని కొన్ని పాటలు చాలామంది మొదటిసారి విన్నది అందులోనే. 1992లో నాలుగు ఎల్పీలూ సీడీలుగా వచ్చాయి, అప్పటి నుంచి ఈ రికార్డు దుకాణంలో దొరకని రోజు లేదనవచ్చు. 1995లో "టిల్ట్", 2006లో "ది డ్రిఫ్ట్", 2012లో "బిష్ బాష్" అంటూ ఆయన ఎవరికీ అందని దారిలోకి వెళ్లిపోయారు. పల్ప్ అనే బ్రిటిష్ బృందపు 2001 నాటి ఎల్పీకి నిర్మాత ఆయనే. 2017 జులైలో రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవాల్లో, పెద్ద వాద్యబృందంతో ఆయన 1967 నుంచి 1970 దాకా రాసిన పాటలను వేరే గాయకులు పాడారు. ఆయన మాత్రం పాడలేదు. దశాబ్దాలుగా వేదిక ఎక్కని మనిషి. 2019 మార్చిలో లండన్‌లోనే కన్నుమూశారు.

పిలవని పెళ్లి అన్నారు కదా మాస్టారూ. పిలిచారు, శుభలేఖ మీద ఇంటిపేరు మారింది, అంతే.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

శుభలేఖ మాట బాగుంది. ఒప్పుకున్నాను. అయినా మూడేళ్లు పరాయి పాటలు పాడటాన్ని అంత తక్కువ చేయకండి. అద్దె కట్టాలి కదా ఎవరికైనా.

తంబురశ్రుతి (చెన్నై)

మాస్టారు గారి చివరి మాటతో ఏకీభవిస్తున్నాను. వెనక వరసలో కూర్చుని వాయించిన నా రోజులన్నీ పరాయి పాటలే.

ముల్లూ గాడీ (విశాఖపట్నం)

కొనాలనుకునేవారి కోసం రెండు మాటలు. మొదటి అచ్చు దొరికితే, వాయించి చూపించకుండా కొనవద్దు, అట్ట శుభ్రంగా ఉన్నంత మాత్రాన గాడి శుభ్రంగా ఉండదు. మొదటి పక్క చివరి పాటను మాత్రం వినిపించమని అడగండి, అది దాటితే మిగిలినదంతా బాగున్నట్టే. 2013లో వచ్చిన "ది కలెక్షన్ 1967–1970" అనే పెట్టెలో అయిదు ఎల్పీలూ కలిసి వచ్చాయి. నాకు అందులోని స్కాట్ 4 అచ్చు నిశ్శబ్దంగా, నిండుగా వినిపించింది. విడిగా వచ్చిన పునర్ముద్రణలు కూడా ఉన్నాయి. బయటి కవరుగా పీవీసీ సంచి వాడకండి, మన ఎండకు అది ప్లేటుకు పొగమంచులాంటి మరక అంటిస్తుంది. పాలిథీన్ సంచి చవక, క్షేమం.

అరుణోదయ (విజయవాడ, ప్రస్తుతం డల్లాస్)

నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, ఫరవాలేదు. నాన్నగారికి ఫోనులో ఈ పాట వినిపించి, విషయం తెలుగులో చెప్పాను. ఆ ఇద్దరు స్నేహితుల పేర్లూ చెప్పారు. పలకని పదేళ్లూ ఇద్దరూ ఒకే టీ దుకాణానికి వచ్చి వేర్వేరు బల్లల దగ్గర కూర్చునేవారట.

రావిచెట్టు (హైదరాబాదు)

అందరికీ ధన్యవాదాలు. ముల్లూ గాడీ గారి సలహా ప్రకారం ముల్లు మార్పించాను. నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక, వీధిలో అలికిడి తగ్గాక మొదటి పక్క పెట్టాను. "బాయ్ చైల్డ్" చివరి దాకా ఒక్క టపటప కూడా లేదు.

నా వాదనలో సగం ఓడిపోయానని తెలుస్తోంది. పేరు ఒక్కటే కారణం కాదు. తొమ్మిది నెలల్లో మూడో రికార్డు, ముగిసిన టీవీ కార్యక్రమం, నోట పడని పాటలు, ప్రాగ్ టాంకులు అన్నీ కలిశాయి. మిగిలిన సగాన్ని వదులుకోలేను. ప్లేటు తిప్పే ముందు నా పునర్ముద్రణను దీపం కింద పెట్టి చూశాను. అట్ట మీద గాయకుడి పేరు స్కాట్ వాకర్ అని మార్చేశారు. లేబుల్ మీద, పాటల పక్కన రచయితగా చిన్న అక్షరాల్లో మాత్రం ఎంగెల్ అనే ఉంది.